కుట్టుమిషను సర్వో మోటారుతో చిన్న లేతు

నాగటి బోల్టు, పంపు బుష్షు వంటి చిన్న వస్తువును సరిచేయించుకొనుటకు రైతు ఒక దినపు పని చెడగొట్టుకొని పట్టణమునకు పోవలసి వచ్చుచున్నది. అందుచే కొందరు సభ్యులు చిన్న లేతును, డ్రిల్లు మిషనును కొని, బట్టలు కుట్టు కార్ఖానాలలో వాడు సర్వో మోటారును వానికి తగిలించుకొనుచున్నారు. ఇది మంచిదే. కాని యొక సంగతి మరువరాదు.

పూర్వపు క్లచ్చి మోటారు సదా పూర్తి వేగముతో తిరుగుచుండును. సర్వో మోటారట్లు కాదు. పెడలు నొక్కినప్పుడే తిరుగును, కాలు తీసినంతనే ఆగును. ఇది సామాన్యముగా 550 లేక 750 వాట్లది. ఇంటి సింగిలు ఫేజుపై నడచును. నిమిషమునకు కొన్ని వందల చుట్లు మొదలుకొని సుమారు 4,500 చుట్ల వరకు వేగమును మార్చుకొనవచ్చును. కాలే దీనికి ముకుతాడు. వీలుగా నుండునని పెడలు మీటను త్రాటితో కట్టివేసినచో ముకుతాడు తెంచినట్లే. కరెంటు పోయి మరల వచ్చునప్పటికి చక్కులో చేయి యుండినయెడల ఏమగునో చెప్పనక్కరలేదు.

కావున మీటను కట్టరాదు. గరిష్ఠవేగమును కంట్రోలు పెట్టెపై నియమించి, పెడలుతోనే నడుపవలెను. అదిగాక, పెట్టెకు ముందు నో-వోల్టు కాయిలుగల స్టార్టరు నుంచవలెను. కరెంటు పోయిన అది విడిపోవును. పచ్చబొత్తాము నొక్కనిదే మరల పట్టదు. పంపుసెట్లకు వాడు ఆటో స్టార్టరు ఇచట పనికిరాదు. కాయిలు 240 వోల్టులదై యుండవలెను. మూడు ఫేజుల స్టార్టరులోనిది సాధారణముగా 415 వోల్టులది. పెట్టెకును మోటారునకును నడుమ ఏ స్విచ్చియు పెట్టరాదు. సూదిని పైన నిలుపుటకై మోటారు తనంతట కొంచెము తిరుగు ఏర్పాటున్నచో దానిని మాన్పవలెను.

మోటారు వేగము తగ్గినకొలది అది చేయగల పనియు తగ్గును. కావున వేగమును పుల్లీలతో తగ్గించుట మేలు. మోటారునకు 3 అంగుళముల పుల్లీయు, లేతునకు 9 అంగుళములదియు వేసినచో లేతు మూడవవంతు వేగముతో తిరుగును. త్రిప్పు బలము ఇంచుమించు మూడింతలగును. బెల్టుకు రేకుతో మూత వేయవలెను.

మరచుట్లతో బిగియు చక్కు, మోటారు తటాలున ఆగినను, వెనుకకు తిరిగినను ఊడిపోవచ్చును. కావున మామూలు పనిలో పెడలును మెల్లగా విడువవలెను, వెనుకకు నడుపరాదు. సానచక్రమును తగిలించువారు దానిపై ముద్రించిన గరిష్ఠవేగమును చూచి, దానిని మించకుండ పెట్టెపై వేగము నియమింపవలెను. మించినచో రాయి పగిలి ముఖముపైకి వచ్చును.

కంట్రోలు పెట్టెను ఇనుప రజను పడని చోట, గోడకు బిగింపవలెను. అందులో కరెంటు సుమారు 320 వోల్టుల డీసీగా మారి కెపాసిటర్లలో నిలిచియుండును. ప్లగ్గు తీసిన పిమ్మటను కొంతసేపు ప్రాణాపాయమే. పెట్టె మూత విప్పరాదు. మోటారు ఒంటికి, లేతు ఒంటికి ఎర్తు తీగ తప్పక కలుపవలెను. 30 మిల్లీ ఆంపియర్లకు తెగు లీకేజి బ్రేకరు నుంచుట మేలు.

మొదటి దినమున చక్కులో ఏ వస్తువును బిగింపక యంత్రమును నడుపుచు, స్టార్టరు ముందున్న మెయిను స్విచ్చిని ఆపి మరల వేయుడు. యంత్రము కదలక నిలిచిననే పనికి దిగుడు. ఈ పరీక్షకు నిమిషము చాలును. పోయిన వ్రేలు ఎన్నటికిని రాదు.