గిడ్డంగి కప్పును నేలమీదనుండి పరీక్షించుట

సంఘపు గిడ్డంగిలో రైతు యేడాది కష్టము నిలువయుండును. దానిని కాపాడునది తలుపునకు వేసిన తాళమొకటియే కాదు, పైనున్న కప్పు కూడను. తాళమును దినదినము చూతుము. కప్పును మాత్రము కారిన పిమ్మటగాని చూడము.

కొన్ని యేండ్లక్రిందట మేమొక గిడ్డంగికి పోయియుంటిమి. సిమెంటు రేకొకటి జానెడు మేర చీలి, దానిక్రింది వేరుసెనగ బస్తాలు తడిసి బూజుపట్టియుండెను. తడిసిన కాయలకు పట్టు బూజులలో నొకటి అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించును. అది కాలేయమునకు హానికరము. కాయలను ఎండబెట్టినను వేయించినను పూర్తిగ పోదు. ఆ బస్తాలను పారవేయవలసివచ్చెను. చీలికను చూడ నెక్కిన పనివాని కాలిక్రింద మరియొక రేకు విరిగెను. అతడు దూలమును పట్టుకొని ప్రాణము దక్కించుకొనెను. పాత సిమెంటు రేకు పైకి గట్టిగ కనబడినను మనిషి బరువు నోర్వదని అందరు నెరుగవలయును.

ఇట్టి పరీక్షకు నేడు కెమెరా గల చిన్న డ్రోన్ ఉపయోగపడుచున్నది. ఇది నాలుగు పంకాలతో ఎగురును. బ్యాటరీ నిండుగ నున్నచో రమారమి ఇరువది నిమిషములు పనిచేయును. 2011 లో జపానునందలి ఫుకుషిమా అణువిద్యుత్కేంద్రము చెడినప్పుడు, మనుష్యులు చేరరాని కట్టడములను ఇట్టి ఎగురు యంత్రముతోనే పరిశీలించిరి. మన అవసరము చిన్నదే యైనను సూత్రమొక్కటియే: చూపు పైకెక్కును, మనిషి నేలమీదనే నిలుచును.

పనిచేయు విధము: గాలి తక్కువగనుండు ఉదయమున ఎగురవేయవలయును. అప్పటి ఏటవాలు ఎండలో చీలికలు, ఉబ్బులు నీడలతో స్పష్టముగ కనబడును. ముందుగ కప్పు పటమును కాగితముపై గీచి, రేకుల వరుసలకు అంకెలు వేయవలయును. ఒక చిత్రమునందలి భాగము తరువాతి చిత్రమునందు కూడ వచ్చునట్లు వరుసగ తీయవలయును. రేకులు ఒకదానిపై నొకటి కూడు చోట్లు, బోల్టులు, ఆకులు నిండిన తూములు, మిద్దె యైనచో నిలిచిన నీటి మరకలు, మొలచిన రావిమొక్కలు ముఖ్యముగ చూడదగినవి. చిత్రములను తేదీతో భద్రపరచినచో మరుసటి యేడు చీలిక పెరిగినదో లేదో తేలును.

డ్రోన్ అన్నిటిని చూపజాలదు. గోడను తట్టి డొల్లతనము నెరుగుటకును, దూలమునందలి చెదలును కనుగొనుటకును అనుభవజ్ఞుడగు మేస్త్రీయే కావలయును. పగటివేళ తలుపులు మూసి లోనికి చూచినచో చిన్న రంధ్రములు వెలుగుచుక్కలై కనబడును. ఖర్చులేని యీ పరీక్షను ముందు చేసి, పిమ్మట డ్రోన్‌ను పిలువుడు.

2021 ఆగస్టు 25 నాటి డ్రోన్ నియమావళి ప్రకారము ఆకసము ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలములుగ విభజింపబడినది. ఆకుపచ్చ మండలమునందు 400 అడుగులవరకు ఎగురుటకు ముందు అనుమతి అక్కరలేదు. కూలికి వచ్చువారి యంత్రపు నమోదు సంఖ్యను, నడుపువాని యోగ్యతాపత్రమును అడిగి చూడవలయును.

లేపాక్షివారికి ఒక హెచ్చరిక. అచ్యుతదేవరాయల కాలమున, 16వ శతాబ్దమునందు, విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయము కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో నున్నది. ఆ శాఖ అనుమతిలేక దానిపైని గాని, నంది విగ్రహముపైని గాని డ్రోన్ నెగురవేయరాదు. అయితే ఆ యాలయమునుండి మనము నేర్వదగినది కలదు. మండపపు లోకప్పున వ్రాసిన చిత్రములకు పైనుండి దిగు తేమ యెట్టి శత్రువో, మన బస్తాలకును అట్టి శత్రువే. అచటి కప్పు రాతిది, మనది రేకుది. కావున మన జాగ్రత్త మరింత హెచ్చుగ నుండవలయును.

ఏటికి రెండు పరీక్షలు చాలును: మృగశిర కార్తెకు ముందొకటి, వేరుసెనగ గిడ్డంగి చేరకమునుపొకటి. యంత్రమును ప్రతి సంఘము కొననక్కరలేదు. ఇరుగుపొరుగు సంఘములు నాలుగైదు కలిసి ఒకేదినమున కూలికి పిలిపించినచో ఖర్చు పంచబడును. రాబోవు కార్యవర్గ సమావేశమున ఈ విషయమును చర్చించి, ఒక తేదీ నిర్ణయింపుడని కోరుచున్నాము. వాన మన తీర్మానముకొరకు వేచియుండదు.