కాసేపు బయట కూర్చోవాల్సిందే

పిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ఒక కుర్రాడు రెండు కాళ్లూ చాచి బంతి మీదికి దూకి ఎదుటివాడి చీలమండను తన్నితే, మైదానం అంచున మొదట వినిపించే మాట ‘వాడు కావాలని చేయలేదు’ అనేదే. నిజమే కావచ్చు. కానీ ఆట నియమాలు అడిగేది ఆ ప్రశ్న కాదు. ఇంటర్నేషనల్ ఫుట్‌బాల్ అసోసియేషన్ బోర్డు పన్నెండో నియమం ఇలాంటి ఫౌల్‌ను మూడు మెట్లుగా చూస్తుంది. అజాగ్రత్త అయితే ఫ్రీ కిక్‌తో సరి. ఎదుటివాడికి ఏమవుతుందో లెక్కచేయకుండా దూకితే ఎల్లో కార్డు. మితిమీరిన బలం వాడి అవతలివాడిని ప్రమాదంలో పడేస్తే రెడ్ కార్డు. ఈ మూడింటిలోనూ కొలిచేది చర్యనే, మనసులోని ఉద్దేశాన్ని కాదు. ఎవరి మొహం దగ్గరికైనా ప్రమాదకరంగా కాలు లేపితే, అది తగలకపోయినా ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్ ఇస్తారు. దెబ్బ తగిలేదాకా ఆగకూడదన్న ఈ ఆలోచన పెద్దల ఆటకంటే పిల్లల ఆటకే ఎక్కువ అవసరం. వాళ్లకింకా తమ వేగం మీద, బరువు మీద పట్టు చిక్కి ఉండదు.

అమెరికాలో సాకర్ అని పిలిచే ఈ ఆటలోనే హైస్కూలు పిల్లలకు 2005 నుంచి 2014 వరకు తలకు తగిలిన కంకషన్ గాయాలను పరిశీలించిన అధ్యయనం ఒకటి 2015లో ‘జామా పీడియాట్రిక్స్’లో వచ్చింది. బాలుర గాయాల్లో దాదాపు మూడింట రెండొంతులకు, బాలికల గాయాల్లో సగానికి పైగా వాటికి కారణం మరో ఆటగాడు తగలడమే. తలతో బంతిని కొట్టబోయినప్పుడు అయిన గాయాల్లో కూడా ఎక్కువ భాగం బంతి వల్ల కాదు, ఢీకొనడం వల్ల వచ్చినవే. ఆ ఏడాది చివర్లోనే అమెరికా సాకర్ సమాఖ్య పదేళ్లు, అంతకంటే తక్కువ వయసున్న పిల్లలకు హెడర్లను నిషేధించింది. మంచి పనే. అయితే బంతిని కట్టడి చేసినంత గట్టిగా దురుసు ఆటను కట్టడి చేయకపోతే సగం పని మిగిలిపోయినట్టే.

మరి శిక్ష ఎలా ఉండాలి? పన్నెండేళ్లవాడికి ఎల్లో కార్డు చూపిస్తే మరుక్షణం అదే ఊపుతో పరుగెత్తుతాడు. రెడ్ కార్డు ఇస్తే మ్యాచ్ మొత్తం పోతుంది, జట్టులో ఒకరు తగ్గుతారు. అందుకే చాలామంది రిఫరీలు పిల్లల మీద దాన్ని తీయడానికి వెనకాడతారు. ఈ రెండింటికీ నడుమ తాత్కాలిక బహిష్కరణ ఉంది. యువ జట్లకు, స్థానిక పోటీలకు దాన్ని వాడుకునే వీలు 2017 నుంచి ఉంది. ఎల్లో కార్డు తప్పు చేసినవాడు మొత్తం ఆట సమయంలో 10 నుంచి 15 శాతం బయట కూర్చోవాలి. గంట మ్యాచ్ అయితే ఆరు నుంచి తొమ్మిది నిమిషాలు. ఇంగ్లండ్‌లో 31 లీగులు దీన్ని రిఫరీతో వాదులాటకు మాత్రమే వాడి చూస్తే, వాదులాట 38 శాతం తగ్గిందని అక్కడి ఫుట్‌బాల్ అసోసియేషన్ తెలిపింది. ఆ అంకె ట్యాకిళ్లది కాదు, నిజమే. అయినా మ్యాచ్ మధ్యలోనే అనుభవించాల్సిన శిక్షకు ఆటగాళ్లు మారతారని అది చూపిస్తోంది. మితిమీరిన బలానికి మాత్రం రెడ్ కార్డే ఉండాలి.

ఇలా చేస్తే పిల్లలు పిరికివాళ్లవుతారని కొందరు కోచ్‌లు అంటారు. భుజానికి భుజం ఆనించి బంతి కోసం న్యాయంగా పోరాడటాన్ని ఏ నియమమూ ఆపడం లేదు. చిన్న వయసులో శిక్ష మనసును గాయపరుస్తుందన్న అభ్యంతరాన్ని ఇంకా గౌరవంగా చూడాలి. అందుకే కాసేపటి బహిష్కరణ మేలు. కోచ్ పక్కనే కూర్చుని ఏం జరిగిందో విని, పిల్లవాడు మళ్లీ అదే మ్యాచ్‌లో ఆడతాడు. రిఫరీల గురించీ ఆలోచించాలి. అమెరికాలో, ఇంగ్లండ్‌లో పిల్లల మ్యాచ్‌లకు విజిల్ ఊదేవాళ్లలో చాలామంది పద్నాలుగు, పదిహేనేళ్లవాళ్లే. చుట్టూ పెద్దలు అరుస్తుంటే ఆ పిల్ల రిఫరీ రెడ్ కార్డు తీయడం కష్టం, కొన్ని నిమిషాలు బయటికి పంపడం అంత కష్టం కాదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో వారాంతాల్లో పిల్లల్ని మైదానానికి తీసుకెళ్లే తెలుగు తల్లిదండ్రులు కూడా ఆ పెద్దల్లో ఉన్నారు. అనుమతి ఇవ్వాల్సింది జాతీయ సంఘాలు. కానీ ఈ పద్ధతి మాకు కావాలని తమ లీగును అడగడానికి ఏ తల్లీ తండ్రీ ఎవరి అనుమతి కోసమూ ఆగనక్కర్లేదు.