ఆరోవిల్: త్రోవలో చూచిన యొక వింత యూరు

చెన్నపట్టణమునుండి తూర్పుతీరపు రహదారిని పుదుచ్చేరికి పోవువారు మామల్లపురమున నాగి శిల్పములను జూతురు. మరక్కాణమువద్ద ఉప్పుమళ్లను జూచి ముచ్చటపడుదురు. కాని పుదుచ్చేరి చేరుటకు కొంచెము ముందు కుడివైపునకు చీలిన చిన్నబాటను అనేకులు గమనింపకయే పోవుదురు. గడచిన వేసవి సెలవులలో మేము నెల్లూరునుండి కారులో పోవుచు ఆ బాటను పట్టితిమి. కుయిలాపాళయమను పల్లె దాటిన పిమ్మట ఎర్రమట్టిత్రోవయు, ఇరుప్రక్కల దట్టమైన చెట్లును, సైకిళ్లపై పోవు నానాదేశపు జనులును కనబడిరి. అదియే ఆరోవిల్. ఇది పుదుచ్చేరిలోనిదని పలువురు తలంతురు గాని, మన యానాము పుదుచ్చేరి పాలనలోనిది. ఈ యూరు మాత్రము చాలవరకు తమిళనాడులోని విళుప్పురము జిల్లాకు చేరినది!

దీని పుట్టుక యిట్టిది. అరవింద ఘోషుగారు 1910లో పుదుచ్చేరికి వచ్చి, 1950లో దేహము చాలించువరకు అచ్చటనే యుండిరి. వారి సాధనలో తోడ్పడిన ఫ్రెంచి వనిత మీరా అల్ఫాసాగారిని ఆశ్రమవాసులు శ్రీమాత యని పిలుచుచుండిరి. జాతిమత భేదములు లేక జనులు కలసి బ్రతుకగల పట్టణ మొకటి భూమిమీద నుండవలెనని ఆమె కోరిక. 1968 ఫిబ్రవరి 28వ తేదీన 124 దేశముల ప్రతినిధులు తమ దేశపు మట్టిని తెచ్చి పాలరాతి కలశములో నుంచిరి. అప్పటికి తొంబదియేండ్లు నిండిన ఆమె ఆశ్రమములోని తన గదినుండియే ఆ యూరి శాసనపత్రమును ఫ్రెంచి భాషలో చదువగా ఆకాశవాణి ప్రసారము చేసెను. ఊరు ఏ యొక్కరి సొత్తును గాదనియు, సర్వమానవులకు చెందినదనియు దాని మొదటి నియమము.

మాట గొప్పదే, కాని నేల మాత్రము అప్పుడు మరుభూమి. చెట్లు కొట్టివేయబడి, ప్రతి వానకును పైమట్టి కొట్టుకొని పోయి సముద్రములో కలియుచుండెను. ఎటు చూచినను గండ్లు పడిన యెర్రగుట్టలే. మొదట వచ్చినవారు తాటాకు గుడిసెలలో నుండి, పట్టణము మాట యటుంచి, ముందు నీటిని నిలుపుటకు పూనిరి. పొలముల చుట్టును గట్లు వేసిరి. వాగులకు అడ్డుకట్టలు కట్టిరి. వానచుక్క పడినచోటనే యింకవలెననుట వారి పట్టుదల. తరువాత ఎండకు తాళగల తుమ్మజాతి చెట్లను నాటిరి. అవి త్వరగా పెరిగి నీడనిచ్చి, ఆకు రాల్చి మట్టిని బాగుచేసెను. ఆ నీడన, చుట్టుప్రక్కల పల్లెల దేవళపు తోపులలో మిగిలియున్న పూర్వపు అడవిచెట్ల విత్తులను తెచ్చి మొలకెత్తించిరి. ఈనాడు అచ్చట లక్షలకొలది చెట్లున్నవి. నాకు ఆ యూరిలో మిక్కిలి నచ్చినది ఇదియే.

ఊరి నడుమ మాతృమందిరమున్నది. 1971లో దీనికి పునాది వేసిరి, 2008లో పూర్తియయ్యెను. బంగారుపూత పలకలు కప్పిన పెద్దగోళము. ఎత్తు 29 మీటర్లు. లోపల విగ్రహముగాని, పూజగాని లేదు. తెల్లని గదిలో 70 సెంటీమీటర్ల అడ్డుకొలత గల స్ఫటికగోళముపై సూర్యకిరణము అద్దముల సాయముచే వచ్చి పడును. మౌనముగా కూర్చుండుటయే అచ్చటి పని.

భోజనశాలను జూచి మావెంట వచ్చిన తొమ్మిదవ తరగతి పిల్లవాడు మందిరమునకంటె నెక్కువ సంతోషించెను. దాని కప్పుమీద 15 మీటర్ల వెడల్పుగల అద్దముల గిన్నె యున్నది. అది యెండను ఒకచోటికి చేర్చి ఆవిరి పుట్టించును. ఆ యావిరితో వంట. మబ్బుపట్టిన దినమున మామూలు ఇంధనమే గతి.

ఆ పిల్లవాడే, "అయ్యా, ఊరు అందరిదైనచో దీనిని ఊడ్చునదెవరండి?" అని యడిగెను. మంచి ప్రశ్న. అచ్చట కాపురమున్నవారికి ఇల్లుగాని భూమిగాని సొంతము గాదు. కట్టుకొన్న ఇంటిని విడిచిపోవువారు దానిని అమ్ముకొనజాలరు. వర్తకశాలలు లాభములో కొంత ఊరికి ఇచ్చును. అయితే చుట్టుపల్లెలనుండి వేలకొలది తమిళులు కూలికిని, ఉద్యోగములకును దినదినము వచ్చుచున్నారు. వారి పిల్లలకు బడులు, వైద్యము కలవన్నది నిజమే; యజమాని లేని యూరిలో కూలివాడుండుటయు నిజమే. ఈ ముడిని వారింకను విప్పలేదని నా యభిప్రాయము.

ఏబదివేల జనులకని రోజర్ ఆంజే యను ఫ్రెంచి శిల్పి పట్టణమునకు పటము గీసెను. అరువది దేశములవారు చేరినను, జనసంఖ్య మూడువేల పైచిలుకే. 1973లో శ్రీమాత గతించిన పిమ్మట పెత్తనమునకై తగవులు పుట్టగా, ప్రభుత్వము 1980లో తాత్కాలికముగా నిర్వహణము చేపట్టి, 1988లో ప్రత్యేక చట్టము చేసెను. 2021 డిసెంబరులో పటములోని వలయపు బాటకై చెట్లు కొట్టుట మొదలుపెట్టగా ఊరు రెండుగా చీలెను. పటమే శ్రీమాత యాజ్ఞయని కొందరు, తాము పెంచిన యడవిని కూల్చరాదని కొందరు. పర్యావరణానుమతి లేనిదే పని సాగరాదని 2022లో హరిత ధర్మాసనము చెప్పగా, 2025 మార్చిలో సుప్రీముకోర్టు ఆ తీర్పును కొట్టివేసెను. గట్లు వేసి, నీరు మోసి, ఆ చెట్లను బిడ్డలవలె పెంచిన వృద్ధులకు ఇది యెట్లుండునో యూహింపవచ్చును.

చూడగోరువారు మొదట దర్శకులకై యేర్పరచిన కార్యాలయమునకు పోవలెను. అచ్చటినుండి నీడలో నడచిపోయి మందిరమును వెలుపలనుండి చూడవచ్చును; లోపలికి పోవుటకు ముందుగా అనుమతి పొందవలెను. మేమది తెలియక పోయి, బయటనుండియే చూచి వచ్చితిమి.