గజాల లెక్క - అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో కొన్ని గొప్ప ఆటలు

ఫుట్‌బాల్ అనగానే మనకు కాలితో తన్నే బంతి గుర్తొస్తుంది. అమెరికాలో ఫుట్‌బాల్ అంటే అది కాదు. అక్కడ బంతిని చేత్తో పట్టుకుని పరుగెడతారు, చేత్తోనే విసురుతారు. కాలితో తన్నేది ఎప్పుడో ఒకసారి. మరి ఆ పేరెందుకు పెట్టారో మమ్మల్ని అడగకండి. పోయినేడు పరీక్షలయ్యాక ఊళ్ళకు పోకుండా హాస్టల్లోనే ఉండిపోయిన మేం నలుగురం, ఒక్క సెల్‌ఫోన్‌ను గోడకు ఆనించి ఈ ఆట చూడటం మొదలుపెట్టాం. మొదటిరోజు ఏమీ అర్థం కాలేదు. పదిరోజులయ్యేసరికి అన్నం గంట కొట్టినా లేవడం మానేశాం.

తమ్ముళ్ళ కోసం ఆట సంగతి క్లుప్తంగా చెబుతాం. జట్టుకు పదకొండు మంది. మైదానం పొడవు 100 గజాలు. బంతి గుండ్రంగా ఉండదు, రెండు కొసలూ మొనదేలి ఉంటుంది. బంతి ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలిస్తారు. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు పోతే మళ్ళీ నాలుగు, పోలేకపోతే బంతి ఎదుటివాళ్ళది. చివరి గీత దాటితే టచ్‌డౌన్, దానికి 6 పాయింట్లు. ఆపైన బంతిని స్తంభాల మధ్యగా తన్నితే ఇంకో పాయింటు. టచ్‌డౌన్ చేయకుండానే దూరం నుంచి తన్ని వేస్తే ఫీల్డ్ గోల్, 3 పాయింట్లు. కబడ్డీ ఆడినవాళ్ళకు ఇది కష్టమేమీ కాదు. పట్టేవాళ్ళు అక్కడా ఇక్కడా ఒకటే. తేడా ఏమిటంటే, కబడ్డీలో కూతకు పోయినవాడు ఒంటరి. ఇక్కడ వాడికి దారి చేసిపెట్టే బలమైనవాళ్ళు ఐదుగురు ముందుంటారు. వాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా వినపడవు.

అమెరికాలో కాలేజీ పిల్లల ఆటకు కూడా జనం విరగబడి వస్తారు. మిషిగన్ విశ్వవిద్యాలయం స్టేడియంలో లక్షమందికి పైగా కూర్చోవచ్చు. మన యూనివర్సిటీ పోటీలకు ఎంతమంది వస్తారో అందరికీ తెలుసు కనుక పోల్చడం లేదు. 1935 నుంచి ఏటా ఉత్తమ కాలేజీ ఆటగాడికి హైస్మన్ ట్రోఫీ ఇస్తున్నారు.

గొప్ప ఆట ఏదని అడిగితే అక్కడివాళ్ళు ముందు గజాల లెక్క చెబుతారు. ఆ లెక్కన బ్యారీ శాండర్స్‌ది మొదటి వరుసలోని పేరు. ఓక్లహోమా స్టేట్ తరఫున 1988లో 11 ఆటల్లో 2,628 గజాలు పరుగెత్తాడు, పరుగు మీదే 37 టచ్‌డౌన్లు చేశాడు. అంతకు ముందు రెండేళ్ళు అతను థర్మన్ థామస్ అనే మరో మేటి ఆటగాడి వెనుక తన వంతు కోసం ఎదురుచూసినవాడే. కాని మాకు ఒక సందేహం వచ్చింది. గజాలు అందరికీ ఒకటేనా? ఒకడికి ఎదురుగా పదకొండు మందే ఉంటారు, ఇంకొకడికి ఊరు ఊరంతా ఉంటుంది.

జిమ్ థోర్ప్ సంగతే చూడండి. అతను అమెరికా ఆదివాసి. చదివింది పెన్సిల్వేనియాలోని కార్లైల్ ఇండియన్ స్కూల్లో. అదీ హాస్టలే గాని మన హాస్టళ్ళలాంటిది కాదు. ఆదివాసీ పిల్లల జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడితే శిక్షించి, వాళ్ళను తెల్లవాళ్ళలా మార్చడానికి 1879లో పెట్టిన బడి. అలాంటి బడి జట్టు 1911 నవంబరులో హార్వర్డ్ మీద, హార్వర్డ్ మైదానంలోనే, 18-15తో గెలిచింది. కాలి దెబ్బతోనే ఆడిన థోర్ప్ నాలుగు ఫీల్డ్ గోల్స్ కొట్టాడు. అంటే 18లో 12 పాయింట్లు ఒక్కడి కాలివే.

మరుసటి ఏడు స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలోనూ బంగారు పతకాలు గెలిచాడు. ఎప్పుడో సెలవుల్లో కొద్దిపాటి డబ్బు తీసుకుని బేస్‌బాల్ ఆడాడన్న కారణంతో 1913లో వాటిని లాగేసుకున్నారు. తిరిగి ఇవ్వాలని 1982లో నిర్ణయించేనాటికి థోర్ప్ చనిపోయి 29 ఏళ్ళు. ఆ పోటీల్లో ఏకైక విజేత అతనేనని ఒలింపిక్ సంఘం ఒప్పుకున్నది 2022లో! 2021 నుంచి అక్కడి కాలేజీ ఆటగాళ్ళు ప్రకటనల్లో కనిపించి దర్జాగా సంపాదించుకుంటున్నారు. దాన్ని మేం తప్పనడం లేదు. థోర్ప్‌ను తలుచుకుంటే మాత్రం కడుపు మండుతుంది.

ఇక సిరక్యూస్ విశ్వవిద్యాలయం. అక్కడ 44 నంబరు చొక్కా వేసుకున్న జిమ్ బ్రౌన్ 1956లో కోల్గేట్ జట్టు మీద ఒక్కడే 43 పాయింట్లు చేశాడు. ఆరు టచ్‌డౌన్లు, పైన ఏడు కిక్కులు. అయినా ఆ ఏడు హైస్మన్ ఓట్లలో అయిదో స్థానమే దక్కింది. అప్పటిదాకా నల్లజాతి ఆటగాడికి ఆ ట్రోఫీ ఒక్కసారి కూడా రాలేదు.

బ్రౌన్ తర్వాత అదే 44 వేసుకున్నవాడు ఎర్నీ డేవిస్. 1960 జనవరి 1న డల్లాస్‌లో జరిగిన కాటన్ బౌల్‌లో సిరక్యూస్‌కు ఎదురు నిలిచింది టెక్సస్ విశ్వవిద్యాలయం. ఆ జట్టులో అందరూ తెల్లవాళ్ళే. డేవిస్‌కు అప్పటికే తొడ కండరం పట్టేసి ఉంది. ఆట మొదలైన కాసేపటికే సాటి ఆటగాడు విసిరిన బంతిని అందుకుని మొత్తం 87 గజాల టచ్‌డౌన్ చేశాడు. తర్వాత మరొకటి చేశాడు. ఎదుటివాళ్ళు విసిరిన బంతిని కూడా మధ్యలో పట్టేశాడు. సిరక్యూస్ 23-14తో గెలిచింది, ఉత్తమ ఆటగాడు డేవిసే. ఆ రాత్రి విందులో బహుమతి తీసుకోవచ్చు గాని భోజనానికి ఉండకూడదని నల్లజాతి ఆటగాళ్ళకు చెప్పారని ఆ జట్టువాళ్ళు తర్వాత చెప్పారు.

ఇది చదివినప్పుడు మా గదిలో కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. వేరే పంక్తి, వేరే గ్లాసు అనే మాటలు మా తాతల నోట విన్నవే. మా ఇళ్ళలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మేమే కాబట్టి, మొదటివాడు అనే మాట బరువెంతో కొంచెం తెలుసు. 1961లో హైస్మన్ అందుకున్న మొదటి నల్లజాతి ఆటగాడు డేవిస్. న్యూయార్క్ వచ్చిన అధ్యక్షుడు కెనడీ అతన్ని కలిసి అభినందించాడు. ప్రొఫెషనల్ జట్ల ఎంపికలో మొట్టమొదటి పేరు అతనిదే. కాని ఒక్క ప్రొఫెషనల్ ఆట కూడా ఆడకుండానే, 1963 మేలో రక్త క్యాన్సర్‌తో చనిపోయాడు. అప్పటికి అతనికి 23 ఏళ్ళు. ఇప్పుడు మా వయసూ అంతే.

ఆ టెక్సస్ జట్టు కథ కూడా చెప్పాలి. వాళ్ళ ప్రధాన జట్టులో నల్లజాతి విద్యార్థి ఆడింది 1970లో. 2006 జనవరి 4న పసడినాలో రోజ్ బౌల్. ఎదురుగా వరుసగా 34 ఆటలు గెలిచిన సదరన్ కాలిఫోర్నియా. ఏడు నిమిషాల లోపు ఉందనగా టెక్సస్ 26-38తో వెనకబడి ఉంది. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ విన్స్ యంగ్ అనే నల్లజాతి కుర్రవాడు. ఆ ఆటలో విసిరి 267 గజాలు, పరుగెత్తి 200 గజాలు సాధించాడు. ఆఖర్న నాలుగో అవకాశం, 5 గజాలు కావాలి, 8 గజాల దూరంలో గీత. విసరడానికి ఎవరూ దొరకలేదు. కుడివైపుకు పరుగెత్తి గీత దాటాడు. గడియారంలో మిగిలింది 19 సెకన్లు. టెక్సస్ 41-38తో గెలిచింది. ఆ పరుగును మేం ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశామో లెక్కలేదు. నాలుగోసారి చూసినప్పుడు గాని, యంగ్ కోసం దారి పట్టి నిలిపిన వాళ్ళు కంటపడలేదు.

అన్నిటికంటే గొప్ప ఆట ఏదని గదిలో ఓట్లు వేసుకున్నాం. మూడు ఓట్లు విన్స్ యంగ్‌కు, ఒకటి డేవిస్‌కు పడ్డాయి. ఆ ఒక్క ఓటు ఈ వ్యాసం రాసినవాళ్ళది.