తాటిపూడి జలాశయమున రాత్రివేళ మత్స్యజీవనము

అనంతగిరి కొండలలో జనించి బొర్రా గుహల మీదుగా దిగివచ్చు గోస్తనీనదికి అడ్డముగా, విజయనగరము జిల్లా గంట్యాడ మండలమున, 1963–1968 సంవత్సరముల నడుమ నిర్మింపబడిన తాటిపూడి జలాశయము, 15,378 ఎకరముల ఆయకట్టుకు సాగునీటిని, విశాఖపట్టణమునకు త్రాగునీటిని ఒసంగుటయే గాక, గట్టున గుడారము వేసికొని రాత్రి గడపగోరువారికిని, గాలము చేతబట్టిన వేడుకకాండ్రకును ప్రియస్థానమైనది. వారు నిద్రించు ఆ వేళయందే చేపల బ్రతుకునకు మిక్కిలి ముఖ్యమైన మార్పులు నీటిలో జరుగుచుండును.

లీటరు గాలిలో సుమారు 280 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండగా, 30 డిగ్రీల వేడిమిగల లీటరు నీటిలో కరగియుండునది దాదాపు 7.5 మిల్లీగ్రాములు మాత్రమే. పగటివేళ నాచును, కంటికి కానరాని వృక్షప్లవకములును సూర్యరశ్మి సాయమున ఈ స్వల్పనిధిని పెంచును. ప్రొద్దు గ్రుంకగనే ఆ రాబడి నిలిచిపోయి, నాచు, చేపలు, అడుగున క్రుళ్లు ఆకులలముల నాశ్రయించిన సూక్ష్మజీవులు తెల్లవార్లు దానిని వ్యయపరచును గనుక, సూర్యోదయమునకు ముందు ప్రాణవాయువు అత్యల్పమగును. గాలికి కదలు విశాలజలమున ఈ కొరత కొద్దిపాటిదే గాని, నాచు పట్టిన లోతులేని మూలలలో తీవ్రమై, బొచ్చెలు పైకి వచ్చి నోళ్లు తెరచుకొనుచుండును. ఊపిరాడని ఆ చేపకు ఆహారముపై ధ్యాస యుండదు. ఎంత మంచి ఎర వేసినను ముట్టదు. ఇట్టి మూలలలోనే కొందరు విహారులు మిగిలిన అన్నమును పారబోయుట నాకు మిక్కిలి బాధాకరము: క్రుళ్లు మెతుకు ప్రతిదియు ఆ కొద్ది ప్రాణవాయువును హరించును, పైగా ఆ నీరు ఒక మహానగరము త్రాగునది.

అచ్చటనే కొర్రమీను సుఖముగా నుండును. దాని తలలో మొప్పలకు పైన గల ప్రత్యేక కోశము గాలినుండి నేరుగా ప్రాణవాయువును గ్రహించును. పైకి రానీయక అడ్డగించినచో అది నీటిలోనే ఊపిరాడక చచ్చును.

ఇక శబ్దము మాట. గట్టున మాటలాడరాదని గాలమువారు ఒండొరులను హెచ్చరించుకొందురు. కాని గాలిలో పుట్టిన ధ్వనిశక్తిలో ఇంచుమించు వెయ్యింట ఒకవంతు మాత్రమే నీటిలోనికి ప్రవేశించును, తక్కినది నీటితలమున పరావర్తనము చెందును. బరువైన అడుగులు వేరు. నేల అదురు నీటికి సంక్రమించి సెకనుకు సుమారు 1,480 మీటర్ల వేగమున వ్యాపించును. బొచ్చె, శీలావతి, ఎర్రమోసులయందు గాలితిత్తి ఆ అదురును పట్టి, చిన్న ఎముకల వరుసద్వారా లోపలిచెవికి అందించును. 1820లో ఎర్నెస్టు వేబరు అను జర్మను పండితుడు వర్ణించిన ఈ అమరిక, చేపలలోకెల్ల సూక్ష్మమైన వినికిడిని ఈ జాతులకు ప్రసాదించినది. గుడారపు మేకులు కొట్టువాడు నీటి అంచునకు దూరముగా కొట్టుట మేలు. మెల్లగా ముచ్చటించుకొనుటకు అభ్యంతరము లేదు.

బొచ్చె మొదలగు ఈ మూడును నిలువనీట గ్రుడ్లు పెట్టవు. వానకాలపు వరదప్రవాహము వానికి కావలెను. పొరుగున నున్న ఒడిషాలోని అంగుల్‌లో 1957 జులై 10న, పీయూషగ్రంథి సారమును సూదిమందుగా నెక్కించి గ్రుడ్లు పెట్టించిన పిదపనే, వీని పిల్లలను కోరినంత ఉత్పత్తి చేసి చెరువులలో విడుచుట సాధ్యమైనది. కొర్రమీనునకు అట్టి సాయముతో పనిలేదు. అది తొలకరి తరువాత గట్టువార గడ్డిలో తానే గూడు కట్టి, ఎర్రని పిల్లలగుంపును వెన్నంటి కాచును. ఆ కాలమున దానిని గాలమునకు పట్టినచో, కావలి లేని ఆ పిల్లలను ఇతర మత్స్యములు గంటలలోనే కబళించును.