పదాంత దీర్ఘాకారం: సంస్కృతాంధ్రాలలో దాని వృత్తిభేదాలు

పదచ్ఛేదం బోధించే అధ్యాపకులకు 'మనసా' అనే రూపం చిరపరిచితం. 'మనసా వాచా కర్మణా' అన్నప్పుడు అది సకారాంతమైన 'మనస్' శబ్దానికి తృతీయైకవచనం; 'మనస్సు చేత' అని అర్థం. త్యాగరాజస్వామి తెలుగు కీర్తనలలో పలుమార్లు వినవచ్చే 'మనసా' తెలుగు 'మనసు' శబ్దానికి సంబోధన. 'అది మనసా, బండరాయా?' అని లోకంలో అడిగేటప్పుడు అదే రూపం ప్రశ్నార్థకం. వినబడే ధ్వని ఒకటే అయినా అది చేసే పని మూడు విధాలుగా ఉన్నది. త్యాగరాజస్వామి సంస్కృతంలోనూ కీర్తనలు రచించాడు గనుక, ముందుగా భాషను నిర్ణయించక ఈ పదానికి అర్థం చెప్పబూనడం ప్రమాదకరం. పదాంతంలోని ఈ దీర్ఘాకారం ఏ భాషలో ఏ వృత్తిని నిర్వహిస్తున్నదో పరిశీలించడమే ఈ వ్యాసోద్దేశం.

సంస్కృతంలో

సంస్కృతంలో పదాంతాకారానికి మూలాలు అనేకం. వాటిలో ముఖ్యమైనవి నాలుగు. మొదటిది స్త్రీప్రత్యయం. అజాదిగణానికి, అదంతాలకు స్త్రీత్వ వివక్షలో పాణిని టాప్ ప్రత్యయాన్ని విధించాడు (అష్టాధ్యాయి 4-1-4). టకార పకారాలు ఇత్తులు కాగా 'ఆ' మాత్రమే మిగులుతుంది: అజా, లతా, రమా. రెండవది తృతీయైకవచనమైన 'టా' ప్రత్యయం: వాచా, మనసా, రాజ్ఞా. ఇక్కడ ఆకారం కారకాన్ని బోధిస్తుంది. లింగంతో దానికి సంబంధం లేదు. మూడవది రాజన్, పితృ మొదలైన శబ్దాల ప్రథమైకవచనం. 'రాజా' అన్నచోట ఆకారం విడిగా వచ్చిన ప్రత్యయం కాదు. ఉపధాదీర్ఘం, నకారలోపం జరిగిన పిమ్మట మిగిలిన ప్రాతిపదిక భాగం. 'పితా' అన్నచోట ఋకారానికి అనఙాదేశం వచ్చి, తరువాత అదే ప్రక్రియ జరుగుతుంది. నాలుగవది అవ్యయాలు: సదా, వృథా, గత్వా.

లతా, వాచా, రాజా, సదా అనే నాలుగూ చెవికి సజాతీయాలుగా తోచినా వ్యాకరణ దృష్టిలో భిన్నమైనవి. అయితే లౌకిక సంస్కృతంలో ఈ ఆకారం చేయని పని ఒకటి ఉన్నది. అది ఏకవచన సంబోధన. రమాశబ్దానికి సంబుద్ధిలో ఏత్వం వచ్చి 'రమే' అవుతుంది (7-3-106). రామశబ్దం 'రామ' అని హ్రస్వాంతంగానే నిలుస్తుంది. రాజన్ శబ్దం 'రాజన్' అని, పితృశబ్దం 'పితః' అని ఉంటాయి. దూరాహ్వానంలో ప్లుతం విహితమే (8-2-84). కాని అది మూడు మాత్రల ఉచ్చారణ. దూరం నుండి పిలిచే సందర్భానికి చెందినది. దానిని సంబోధన విభక్తి రూపంగా భావించరాదు.

తెలుగులో

తెలుగు ఈ శబ్దాలను స్వీకరించినప్పుడు నామాల చివరి దీర్ఘాన్ని సాధారణంగా హ్రస్వం చేసుకున్నది. రమా, సీతా, గంగా అనేవి రమ, సీత, గంగ అయినవి. పితా, ఆత్మా అనేవి పిత, ఆత్మ అయినవి. రాజా అనేది రాజు అయినది. సదా, వృథా, యథా వంటి అవ్యయాలు మాత్రం దీర్ఘాంతాలుగానే నిలిచినవి. ఈ హ్రస్వీకరణ ఫలితం గమనార్హం. నామప్రకృతి చివర దీర్ఘాకారం అరుదైనందువల్ల, అక్కడ దీర్ఘం వినబడగానే శ్రోత ఒక వాక్యసంబంధాన్ని ఊహించగలుగుతున్నాడు. ఆ సంబంధాలు ప్రధానంగా నాలుగు.

ప్రశ్న మొదటిది. రాజు + ఆ అన్నప్పుడు, చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) సంధి పరిచ్ఛేదంలో వివరించిన ఉత్వసంధి వల్ల 'రాజా?' అవుతుంది. రెండవది ఆమంత్రణం: రామా, రాజా, సీతా. మూడవది సముచ్చయం. గ్రాంథికంలోని 'అన్నయును వదినెయును' వ్యవహారంలో 'అన్నా వదినా' అయినది. నాలుగవది అప్యర్థకం: 'వచ్చినను' అనేది 'వచ్చినా' అయినది. చివరి రెండింటిలో దీర్ఘం 'ను' లోపించగా ఏర్పడినది. మొదటి రెండింటి దీర్ఘానికి ఆ చరిత్ర లేదు. నేటి రూపం సమానం కావడం చేత వీటన్నింటినీ ఒకే ప్రత్యయంగా గణించడం యుక్తం కాదు.

ఈ కింది మూడు వాక్యాలు విషయాన్ని స్పష్టం చేస్తాయి. 'అన్నా వదినా వచ్చారు' అన్నప్పుడు సముచ్చయం. 'అన్నా వదినా రండి' అన్నప్పుడు ఆమంత్రణం. 'వచ్చింది అన్నా వదినా' అన్నప్పుడు ప్రశ్న. నామరూపాలలో ఏ భేదమూ లేదు. అర్థాన్ని నిర్ణయిస్తున్నది క్రియాపదం, పదక్రమం, ఉచ్చారణలోని స్వరం. వీటిలో స్వరం వ్రాతలో కనబడదు.

సోదరభాషలలో

ప్రశ్నకూ పిలుపుకూ దీర్ఘాకారాన్ని వాడడం తెలుగుకు మాత్రమే పరిమితమైన లక్షణం కాదు. తమిళంలో 'అవనా?' అంటే 'అతడా?' అని ప్రశ్న. 'ఇఱైవన్' శబ్దానికి సంబోధన 'ఇఱైవా'. తొల్కాప్పియం ఆ, ఏ, ఓ అనే మూడింటినీ ప్రశ్నార్థకాలుగా పేర్కొన్నది. సంబోధనకు ప్రత్యేకంగా ఒక ప్రకరణాన్నే కేటాయించినది. కన్నడంలోనూ ఆకారం ప్రశ్నార్థకంగా వాడుకలో ఉన్నది. తెలుగు సంస్కృతజన్యం కాదని 1816లో కాంబెల్ వ్యాకరణానికి వ్రాసిన పీఠికలో ఎల్లిస్ ప్రతిపాదించాడు. పదజాలంలో సంస్కృత భాగం ఎంత అధికమైనా, పదాలను వాక్యంలో కూర్చే ఇటువంటి చిహ్నాలు ద్రావిడ కుటుంబానికి చెందినవే.

హిందీలో స్థితి మరొక విధం. సంస్కృత 'ఘోటకః' ప్రాకృతదశను దాటి 'ఘోడా' అయినది. అక్కడ పదాంతాకారం పుంలింగ చిహ్నం. అదే హిందీలో లతా, మాలా వంటి తత్సమాలు స్త్రీలింగాలుగానే ఉన్నవి. అంటే ఒకే భాషలో ఒకే ఆకారం దేశ్యతద్భవాలలో పురుషత్వాన్నీ, తత్సమాలలో స్త్రీత్వాన్నీ సూచిస్తున్నది.

బోధనలో, పరిష్కరణలో

సంస్కృతాంధ్ర వ్యాకరణాలను ఒకే కాలంలో అభ్యసించే ప్రాచ్యకళాశాల విద్యార్థికి ఈ విషయం కేవలం పాండిత్య విశేషం కాదు. తెలుగు అలవాటు చేత సంస్కృత రచనలో 'హే రామా', 'హే సీతా' అని వ్రాయడం తరచుగా కనబడే దోషం. అక్కడ 'హే రామ', 'హే సీతే' అనవలసి ఉన్నది. దీనికి విపర్యయం కూడా సంభవిస్తుంది. సంస్కృత నియమాన్ని ప్రమాణంగా గ్రహించి తెలుగులోని 'రామా' అనే సంబోధనను అపశబ్దంగా తలచడం తెలుగుకు అన్యాయం. దోషాన్ని కొట్టివేసి ఊరుకొనక, ఏ భాష నియమం ఏ భాషలోకి ప్రవేశించినదో చూపితే విద్యార్థికి రెండు వ్యాకరణాలూ బోధపడతాయి.

పరిష్కర్తకు బాధ్యత మరింత అధికం. తాళపత్రాలలో పదవిభాగం గాని ప్రశ్నచిహ్నం గాని లేదు. 'రాజా' అన్నచోట ఆశ్చర్యార్థకం ఉంచితే అది పిలుపు, ప్రశ్నార్థకం ఉంచితే సందేహం అవుతుంది. సంస్కృత వాక్యమైతే అది కర్త. ఏ చిహ్నమూ అక్కరలేదు. కవి వ్రాయని ఒక బిందువుతో ముద్రణలో అర్థం మారిపోతుంది.

అందువల్ల నిర్ణయానికి మూడు మెట్లు అవలంబించడం మేలని తోచుచున్నది. మొదట వాక్యం ఏ భాషకు చెందినదో తేల్చాలి. తరువాత ఆ భాషలో ప్రకృతి రూపం ఏదో గుర్తించాలి. పిమ్మట క్రియాపదం ఆకాంక్షించేది కర్తనా, కరణాన్నా, సంబోధ్యుడినా అని విచారించాలి. అప్పటికీ రెండు అర్థాలు పొసగినచో రెండింటినీ సూచించి, నిర్ణయాన్ని చదువరికి విడిచిపెట్టడం ఉచితం. ఈ పద్ధతి లోపాలను విజ్ఞులు సహృదయంతో సూచింతురు గాక.