తాళం మాదే, చీటీ వేరే

బదిలీ అయిన ప్రతిసారీ మా ట్రంకుపెట్టె మీద ఒక కొత్త చీటీ పడుతుంది. పాతవి చింపే ఓపిక ఉండదు. అందుకే ఒకసారి ఆ పెట్టె మాకంటే ముందే దిగిపోయి, పాత ఊరి గోదాములో పది రోజులు కూర్చుంది. పెట్టె మాదే, తాళం మాదే, చీటీ మాత్రం వేరే ఊరిది.

ఈ ఏడాది మా కంప్యూటర్ ల్యాబులోనూ ఇలాంటిదే జరిగింది. పిల్లలు తమ అమ్మమ్మల నోట విన్న తెలుగు మాటలను మూడు నెలలుగా ఒక వర్చువల్ మెషీన్‌లో టైపు చేస్తున్నారు. వర్చువల్ మెషీన్ అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టుకున్న మరో కంప్యూటర్. దాని హార్డ్ డిస్క్ అంతా బయటి కంప్యూటర్‌కు ఒకే పెద్ద ఫైలు. చోటు చాలక ఆ ఫైలును ‘డేటా’ అనే కొత్త ఫోల్డర్‌లోకి మార్చాం. మర్నాడు మెషీన్ తెరుచుకోలేదు. ‘పర్మిషన్ డినైడ్’ అంది. ఫైలు యజమాని ఎవరో చూశాం, చదివే, రాసే అనుమతులు చూశాం. అన్నీ సరిగానే ఉన్నాయి! పిల్లల ముఖాలు వాడిపోయాయి.

ఆ కంప్యూటర్‌లో ఉన్నది ఫెడోరా లినక్స్. దానికి ఎస్ఈలినక్స్ అనే కావలి ఉంది. అమెరికా జాతీయ భద్రతా సంస్థ 2000లో బయటపెట్టిన ఈ ఏర్పాటు 2003లో లినక్స్ కెర్నల్‌లో చేరింది. ఇది యజమాని ఎవరని అడగదు. ప్రతి ఫైలుకూ, ఫోల్డర్‌కూ, నడిచే ప్రతి ప్రోగ్రామ్‌కూ ఒక లేబుల్ ఉంటుంది. ఈ లేబుల్ ఆ లేబుల్‌ను ముట్టుకోవచ్చని నియమం ఉంటేనే దారి ఇస్తుంది.

మాలో ఒకరు “ఒక్క కమాండ్‌తో కావలిని పక్కన పెట్టేద్దాం” అన్నారు. మేము ఒప్పుకోలేదు. అదే కంప్యూటర్‌లో పరీక్షల విభాగం మెషీన్ కూడా నడుస్తోంది. 2009లో ఫెడోరా 11తో వచ్చిన ఎస్‌వర్ట్ పద్ధతి ప్రతి మెషీన్‌కూ ఒక అంకెల జత ఇచ్చి, దాని డిస్క్‌కూ అవే అంకెలు వేస్తుంది. ఒక మెషీన్‌లో దొంగ ప్రోగ్రామ్ దూరి బయటపడినా పక్క మెషీన్ డిస్క్‌ను చదవలేదు. కావలిని తీసేస్తే ఆ గోడ పోతుంది.

ఆడిట్ లాగ్ తెరిస్తే ‘ఏవీసీ డినైడ్’ అన్న వరుసలో సంగతి దొరికింది. తప్పు ఫైలుది కాదు, ఫోల్డర్‌ది. మామూలుగా డిస్క్ ఫైళ్లుండే ‘ఇమేజెస్’ ఫోల్డర్‌కు ‘వర్ట్ ఇమేజ్’ లేబుల్ ముందే ఉంటుంది. మేము చేసిన ఫోల్డర్‌కు ‘డిఫాల్ట్’ లేబులే పడింది. ‘సీమేనేజ్’తో ఈ ఫోల్డర్‌కు వర్ట్ ఇమేజ్ లేబుల్ అని నియమం రాసి, ‘రీస్టోర్‌కాన్’తో దాన్ని అమలు చేశాం. ‘సీహెచ్‌కాన్’తో కూడా లేబుల్ మార్చవచ్చు గాని, అది పెన్సిల్ రాత. ఎప్పుడైనా మొత్తం లేబుళ్లు తిరిగి వేస్తే చెరిగిపోతుంది.

ఇంకో మాట. ఫైలును ‘మూవ్’ చేస్తే పాత లేబుల్‌తోనే వెళుతుంది, మా ట్రంకుపెట్టెలాగే. మామూలుగా ‘కాపీ’ చేస్తే కొత్త చోటి లేబుల్ తీసుకుంటుంది. పెన్‌డ్రైవ్‌లో సాధారణంగా ఉండే ఫార్మాట్లలో ఫైలు ఫైలుకూ లేబుల్ రాసుకునే చోటే ఉండదు. కాబట్టి డిస్క్ ఫైలును కంప్యూటర్‌లోకి కాపీ చేసుకున్నాకే మెషీన్ నడపాలి.

ఆ రోజు చివరి పీరియడ్‌లో మెషీన్ తెరుచుకుంది. పిల్లలు ముందు రోజు ‘గుమ్మి’ దగ్గర ఆగారు. అక్కడినుంచే మొదలుపెట్టారు.